స్టాకు ఎక్కడ పోతోంది: గుమస్తా చేతిలోనా, సాఫ్ట్‌వేర్ల సందుల్లోనా?

ప్రశ్న

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వాళ్ళది మామగారు పెట్టిన మందుల హోల్‌సేల్ వ్యాపారం. కర్నూలులో పెద్ద గోడౌను, నంద్యాలలో చిన్నది, ఏడాదికి సుమారు 7 కోట్ల అమ్మకం. బీకాం చదివిన ఆమె రెండేళ్ళుగా కర్నూలు ఆఫీసులో కూర్చుంటున్నారు. భర్తది వేరే ఉద్యోగం. నంద్యాల చూసేది మరిది.

కర్నూలులో పాత ఫార్మా సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు కొడతారు. నంద్యాలలో వేరే కంపెనీది. ఖాతాలు టాలీలో ఉంటాయి. పార్ట్‌టైం అకౌంటెంటు వారానికి రెండుసార్లు వచ్చి అమ్మకాల మొత్తాలు ఎక్కించి పోతాడు. సేల్స్‌మెన్ ఆర్డర్లు సగం వాట్సాప్‌లో, సగం మరిది కొన్న ఆర్డర్ యాప్‌లో వస్తాయి. రెండు వ్యాన్లకు జీపీఎస్ ఉంది, దానికి ఇంకో యాప్. ఈ మధ్య మామగారు సరుకు లెక్కపెట్టిస్తే ర్యాకుల్లో 82.8 లక్షలు తేలింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 84.6 లక్షలంది, టాలీ 91 లక్షలంది. "1.8 లక్షల సరుకు ఏమైంది?" అంటూ మరిది 22 ఏళ్ళుగా ఉన్న గుమస్తా వైపు వేలు చూపించాడు. ఆయన మర్నాడు పనికి రాలేదు. మామగారే ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చారు.

ఈలోగా హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తామని 6.5 లక్షలు చెప్పాడు. నెలాఖరులోగా అడ్వాన్సు ఇస్తే తగ్గింపు ఉందట. మరిది కొనేద్దామంటాడు. గుమస్తా కొత్తది పెడితే మానుకుంటానంటాడు. మామగారు "నీ ఇష్టం తల్లీ, బిల్లింగు ఒక్క పూట ఆగినా నువ్వే జవాబు చెప్పల్ల" అన్నారు. "ఎటు చేసినా ఇంట్లో నేనే చెడ్డదాన్నయ్యేలా ఉంది. ఏం కొనమంటారు? ఎవరిని నమ్మమంటారు?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీరడిగిన రెంటిలో ముందు తేల్చుకోవాల్సింది రెండోది. ఎవరిని నమ్మాలో తేలకుండా ఏది కొన్నా అది గుమస్తా మీద పెట్టిన కాపలాగానే కనబడుతుంది. ఆయన సాయం చెయ్యడు, ఆయన సాయం లేకుండా అది నడవదు. పైగా ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గరున్న కాగితాల్లోనే దొరుకుతుంది, రూపాయి ఖర్చు లేదు.

టాలీ చూపించిన 91 లక్షలను ఇవాళే పక్కన పెట్టండి. ఐటం వారీగా, బ్యాచ్ వారీగా కాకుండా మొత్తాలు మాత్రమే ఎక్కే టాలీలో స్టాకు విలువంటే అకౌంటెంటు లాభం శాతం వేసుకుని రాసిన అంచనా. దాని కోసం గోడౌనులో వెతికితే దొరికేదేమీ ఉండదు.

మిగిలింది 1.8 లక్షలు, నూటికి రెండు రూపాయల పైచిల్లర. దీన్ని కూడా రూపాయల్లో చూసినంతసేపూ తికమకే. లెక్కపెట్టినవాళ్ళు స్ట్రిప్పుకు ఏ రేటు కట్టారు? చివరి కొనుగోలు రేటా, ఫ్రీ సరుకు కలిపి తీసిన సగటా? 10+1 స్కీములో (పది కొంటే ఒకటి ఫ్రీ) 100 రూపాయల రేటుకు కొన్న స్ట్రిప్పు మీకు నిజంగా పడింది 90.91కే. ఎంచుకున్న రేటును బట్టే తొమ్మిది శాతం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి తేడాను స్ట్రిప్పుల్లో వెతకండి.

మీరు రాసిన ఏర్పాటులో, ఎవరూ దొంగిలించకుండానే లెక్కకూ సరుకుకూ తేడా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఎక్స్‌పైరీ డబ్బాల మీద. షాపు నుంచి కాలం చెల్లిన సరుకు వెనక్కి వచ్చి క్రెడిట్ నోటు (వాపసు సరుకు డబ్బును షాపు బాకీలో తగ్గించే కాగితం) కొట్టగానే సాఫ్ట్‌వేర్‌లో స్టాకు పెరుగుతుంది. ఆ డబ్బా మాత్రం గోడౌను మూలన పడి ఉంటుంది. మీ మామగారు లెక్కపెట్టించింది ర్యాకులు. కంపెనీకి పంపేసిన ఎక్స్‌పైరీ సంగతీ ఇంతే: క్లెయిము ఒప్పుకునేదాకా డెబిట్ నోటు (అదే డబ్బును కంపెనీకి మనమివ్వాల్సిన దాంట్లో తగ్గించే కాగితం) కొట్టరు, అందాకా సరుకు పుస్తకంలో ఉంటుంది, గోడౌనులో ఉండదు. రెండు మూడు నెలల ఎక్స్‌పైరీ కలిస్తే లక్ష దాటడం పెద్ద విషయం కాదు.

తర్వాతిది యూనిట్ల గొడవ. ఒక చోట స్ట్రిప్పు, ఇంకో చోట బాక్సు. కర్నూలు నుంచి 55 స్ట్రిప్పులు పంపితే, బాక్సుల్లో లెక్కపెట్టే నంద్యాల సాఫ్ట్‌వేర్‌లో అయిదున్నర ఎక్కదు. అయిదు ఎక్కిస్తారు. మిగిలిన అయిదు స్ట్రిప్పులు అమ్ముడుపోతాయి గానీ ఏ లెక్కలోనూ ఉండవు. ఆర్డర్ యాప్‌లో సేల్స్‌మన్ 5 అని కొట్టింది బాక్సులా స్ట్రిప్పులా అన్నదీ ఇదే తగువు. ఇక స్కీములు. 10+1 ఉన్న మందును షాపతను అయిదే తీసుకుంటే గుమస్తా ఆ సగాన్ని రేటులో తగ్గిస్తాడు, లేకపోతే వచ్చేసారి ఆర్డరులో ఒక స్ట్రిప్పు కలిపి పంపుతాడు. ఆ బాకీ ఆయన జ్ఞాపకంలో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండదు. ఆయన చేసింది వ్యాపారానికి మంచే, లెక్కకు మాత్రం చిల్లు.

ఒక ఆదివారం ఇలా చెయ్యండి. 60 ఐటమ్‌లు ఎంచుకోండి: స్కీము ఎక్కువగా ఉన్నవి 20, నంద్యాలకు తరచూ పోయేవి 20, ఎక్స్‌పైరీ ఎక్కువ వచ్చేవి 10, చిన్నగా ఉండి ఖరీదు ఎక్కువైన ఇంజెక్షన్లు, ఇన్సులిన్‌ల వంటివి 10. ఒక్కోదానికి ఏప్రిల్ 1 నాటి స్టాకు రాసి, కొన్నది, ఫ్రీగా వచ్చింది, షాపుల నుంచి తిరిగొచ్చింది కలిపి, అమ్మింది, ఫ్రీగా ఇచ్చింది, నంద్యాలకు పంపింది, కంపెనీకి వాపసు పంపింది తీసెయ్యండి. వచ్చిన అంకెను చేతి లెక్కతో పోల్చండి. ఎక్స్‌పైరీ డబ్బాలనూ, వ్యానులో దారిలో ఉన్న సరుకునూ విడిగా లెక్కపెట్టండి. పక్కన గుమస్తానే కూర్చోబెట్టుకోండి. మరిదిని ఆ రోజుకు నంద్యాలలో ఇదే పని చెయ్యమనండి.

తేడా అన్నిట్లో కొంచెం కొంచెంగా, ముఖ్యంగా స్కీము సరుకులో, ఎక్స్‌పైరీ సరుకులో ఉంటే అది లెక్క తప్పు. మామగారు ఆ మాట మరిది ఎదుటే గుమస్తాకు చెప్పాలి, మీరు కాదు. ఆయన పోగొట్టుకున్న మర్యాద మామగారి నోటితోనే తిరిగి రావాలి. అలా కాకుండా తేడా అంతా ఆ పది ఖరీదైన ఐటమ్‌లలోనే పోగుపడి ఉంటే కథ వేరు. అప్పుడు కూడా ఒక్క మనిషిని పట్టుకోకండి. ర్యాకు దాకా చేతులు వెళ్ళేవాళ్ళందరూ లెక్కలోకి వస్తారు: ప్యాకింగ్ కుర్రాళ్ళు, డెలివరీ వాళ్ళు, ఇంటివాళ్ళు. వాటిని తాళం ఉన్న అలమరలో పెట్టి, నెలరోజులు ఏ రోజుకారోజు లెక్కపెడితే చాలావరకు బయటపడుతుంది.

ఇక కొనే సంగతి. మూడు సాఫ్ట్‌వేర్లలో ఒకే మందుకు మూడు పేర్లున్నప్పుడు వాటిని కలిపితే, ఇప్పుడు విడివిడిగా ఉన్న తప్పులు గంటలో అన్ని చోట్లకూ పాకుతాయి. ఒక చోట 'ప్యారాసిటమాల్ 650', ఇంకో చోట 'పారా 650 టాబ్', మూడో చోట 'పీసీఎం 650'. ఒకటి పది మాత్రల స్ట్రిప్పు, ఇంకోటి పదిహేను. ఇవి ఒకటేనా కాదా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. చెప్పగలిగింది మీ గుమస్తా ఒక్కడే.

కాబట్టి మొదటి పని ఐటం మాస్టర్, అంటే మీ మందులన్నిటికీ ఒకే అసలు జాబితా. ప్రతి మందుకూ మీ సొంత కోడు ఒకటి ఇవ్వండి, ఆరంకెలది చాలు. కోడులో కంపెనీ పేరో ర్యాకు నెంబరో ఇరికించకండి. ర్యాకు మారిన రోజున కోడు అబద్ధమవుతుంది. కోడు పక్కన పేరు, కంపెనీ, స్ట్రిప్పుకు ఎన్ని మాత్రలు, బాక్సుకు ఎన్ని స్ట్రిప్పులు, కేసుకు ఎన్ని బాక్సులు, హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే కోడు), జీఎస్టీ రేటు, 2–8 డిగ్రీల్లో ఉంచాల్సిందా కాదా, మందుల చట్టంలో ఏ షెడ్యూలు కిందికి వస్తుంది అన్నవి ఉండాలి. లెక్క ఎక్కడైనా అతి చిన్న యూనిట్లోనే, అంటే స్ట్రిప్పు, వయల్, బాటిల్‌లోనే జరగాలి. బాక్సు అన్నది తెర మీద కనిపించడానికి మాత్రమే. ఈ మూడు నెలల్లో కదిలిన సరుకుతో మొదలుపెట్టండి. కదలనివి తర్వాత.

జీఎస్టీ రేటు గడిని ప్రత్యేకంగా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద 12 శాతం పోయి 5 శాతం అయింది, కొన్ని ప్రాణరక్షక మందులకు పన్నే లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌లో మార్చి ఇంకోదాంట్లో మరిచిపోయిన ఐటమ్‌లు మీ దగ్గరా ఉండవచ్చు. ఆ తేదీకి ముందు 12 శాతంతో అమ్మిన సరుకు వెనక్కి వస్తే, క్రెడిట్ నోటులో పన్ను పాత బిల్లు నుంచి రావాలి, ఇవాళ్టి మాస్టర్ నుంచి కాదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

పాత డేటాను ఎక్సెల్‌లో శుభ్రం చేస్తారు గనక ఒక హెచ్చరిక. బ్యాచ్ నెంబరు గడిని ముందే 'టెక్స్ట్'గా మార్చకపోతే '0045' కాస్తా 45 అవుతుంది. '23E5' అనే బ్యాచ్‌ను ఎక్సెల్ 23 లక్షలు అనే అంకెగా చదువుతుంది. 'MAR24' మార్చి 24వ తేదీ అయిపోతుంది. ఫైలు సేవ్ చేశాక వెనక్కి రావు. ఎక్స్‌పైరీ తేదీ విషయంలోనూ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. లేబుల్ మీద '08/2026' అంటే ఆ నెల ఆఖరి రోజు దాకా వాడవచ్చని నిబంధన. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ఆగస్టు 1గా ఎక్కించుకుంటాయి. రెండిటినీ కలిపినప్పుడు నెలరోజుల ఆయుష్షున్న సరుకు ఎక్స్‌పైరీలోకి పోతుంది, లేదా చెల్లిపోయింది అమ్మకానికి మిగులుతుంది. కొంత సరుకుకు ఈ బాధ తగ్గింది: 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన, ప్రభుత్వం ఎంపిక చేసిన 300 బ్రాండ్ల ప్యాకుల మీద బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న క్యూఆర్ లేదా బార్‌కోడు తప్పనిసరి. సరుకు దించుకునేటప్పుడు వాటిని స్కాన్ చేస్తే టైపు తప్పులుండవు.

మాస్టర్ సిద్ధమయ్యాక మీ ముందు మూడు దారులుంటాయి.

ఒకటి, ఆ హైదరాబాదాయన చెప్పినట్టు అంతా ఒకే సాఫ్ట్‌వేర్. కర్నూలు, నంద్యాల స్టాకు ఒకే తెర మీద కనిపిస్తుంది, ఒకే సరుకును రెండుసార్లు అమ్మే ఇబ్బంది పోతుంది. బదులుగా నెట్టు మీద ఆధారపడతారు. నెట్టు పోయినప్పుడు బిల్లు కొట్టగలమా, తిరిగి వచ్చాక అవి వాటంతటవే చేరతాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లింగు ఆగకూడదన్న మామగారి షరతు ఇక్కడే తేలుతుంది. మొదటి నెల గుమస్తా వేగం సగానికి పడుతుంది. ఏళ్ళ తరబడి వేళ్ళకు అలవాటైన కీలు మారతాయి కదా.

రెండో దారి చౌకైనది. కర్నూలులో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌నే నంద్యాలలోనూ పెట్టి, రోజూ రాత్రి రెండు చోట్ల స్టాకు ఫైలు ఇచ్చిపుచ్చుకోవడం, టాలీలోకి బిల్లులు ఫైలుగా పంపడం. గుమస్తాకు కొత్తది నేర్చుకునే పని ఉండదు, నంద్యాల కుర్రాళ్ళకు ఉంటుంది. మరిది నొచ్చుకోవచ్చు, ఎందుకంటే మారేది ఆయన గోడౌనే. నష్టమల్లా, ఆర్డర్ యాప్‌లో కనిపించే స్టాకు నిన్న రాత్రిది. పగలు వచ్చిన ఆర్డర్లను దాంట్లోంచి తగ్గించి చూపే ఏర్పాటు ఉంటే మీ స్థాయి వ్యాపారానికి అది సరిపోతుంది.

మూడోది, ఉన్నవి ఉన్నట్టే ఉంచి మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం రాయించుకోవడం. అప్పటికప్పుడు కలుస్తాయి, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఉంటుంది, ఇంట్లో గొడవా తక్కువ. కానీ ఏ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేటు ఇచ్చినా ఆ ప్రోగ్రాం ఆగిపోవచ్చు, రాసిన కుర్రాడు అప్పటికి వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంటాడు. టాలీ బయటి ప్రోగ్రాం నుంచి బిల్లులు తీసుకోవాలంటే ఆ కంప్యూటర్‌లో టాలీ తెరిచి, మీ కంపెనీ డేటా లోడై ఉండాలి. అకౌంటెంటు సాయంత్రం కంప్యూటర్ ఆపి పోతే ఆ రాత్రి బిల్లులు ఎక్కవు. మర్నాడు ఎవరో రెండోసారి పంపితే కొన్ని రెండుసార్లు ఎక్కుతాయి. బిల్లు నెంబరు ఒకసారి వస్తే మళ్ళీ తీసుకోకూడదన్న అడ్డు, వెళ్ళనివి విడిగా కనిపించే జాబితా లేకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి.

నా మొగ్గు రెండోదాని వైపు, కనీసం ఒక ఏడాదికి. మాస్టర్ శుభ్రమయ్యాక మొదటి దారికి మారడం తేలిక. ఇప్పుడున్న డేటాతో మారితే 6.5 లక్షలు పెట్టి పాత తప్పులనే కొత్త తెర మీద చూస్తారు. మరిదికి ఒకే సాఫ్ట్‌వేర్ మీద మరీ పట్టుదల ఉంటే ఆ అమ్మకందారుకు ఒక పరీక్ష పెట్టండి. మీ 60 ఐటమ్‌లు ఎక్కించి, సగం స్కీము బిల్లు ఒకటి, నంద్యాలకు 55 స్ట్రిప్పుల బదిలీ ఒకటి, 12 శాతం నాటి వాపసు ఒకటి మీ కళ్ళముందు కొట్టి చూపించమనండి. ఒప్పందం ఆపుకుంటే బ్యాచ్ వారీ డేటా మొత్తం మీకు ఏ రూపంలో ఇస్తారో కూడా అడగండి. వీటికి జవాబు చెప్పకుండా తగ్గింపు గడువు గుర్తుచేసేవాడికి అడ్వాన్సు ఇవ్వనక్కర్లేదు. ఆ తగ్గింపు వచ్చే నెలా ఉంటుంది.

ఏ దారైనా, మామగారి చేత కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త ఐటం కోడు ఎవరు తెరవాలి? నా మాట వింటే గుమస్తానే, ఇంకెవరూ కాదు. ఆయన లేని రోజుకు మీరు. ఇది ఆయనకు దక్కే గౌరవం కూడా, ఉద్యోగం పోతుందన్న భయానికి మందు కూడా. అయితే అధికారమంతా ఒక్కరి చేతిలో పెట్టడం ఆయనకే మంచిది కాదు గనక, తెరిచిన కోడును వారానికోసారి మీరు చూసి సంతకం పెట్టండి. ప్రింటయిన బిల్లును ఎవరు మార్చవచ్చు? ఎవరూ మార్చకూడదు, క్రెడిట్ నోటే కొట్టాలి. షాపులకు అప్పు పరిమితి పెంచేదెవరు? మామగారు ఒక్కరే. ఈ అధికారాలు సాఫ్ట్‌వేర్‌లో ఎవరి పాస్‌వర్డుకు వాళ్ళకు పెట్టించండి. అందరూ ఒకే పాస్‌వర్డు వాడే చోట రేపు మళ్ళీ ఇదే వేలు ఇంకొకరి వైపు లేస్తుంది.

బిల్లు నెంబర్ల సిరీసు కూడా ముందే విడదీయాలి. మీ టర్నోవరు 5 కోట్లు దాటింది గనక షాపులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పదు. దానికి పోర్టల్‌లో వచ్చే ఐఆర్‌ఎన్ అనే నెంబరు మీ జీఎస్టీ నెంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నెంబరు కలిపి పుడుతుంది. రెండు గోడౌన్లూ ఒకే జీఎస్టీ నెంబరు మీద ఉండి, రెండు చోట్లా 1 నుంచి మొదలుపెడితే రెండోదాన్ని పోర్టల్ తిప్పికొడుతుంది. కర్నూలుకు ఒక అక్షరం, నంద్యాలకు ఒక అక్షరం ముందు పెట్టండి, మొత్తం 16 అక్షరాలు మించకూడదు. రద్దు చెయ్యడానికి 24 గంటలే గడువు. నంద్యాలకు పంపే సరుకు అమ్మకం కాదు, డెలివరీ చలానా చాలు. విలువ 50,000 దాటితే మాత్రం ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాలి.

వ్యాన్ల జీపీఎస్‌ను ఇప్పుడే దేనితోనూ కలపకండి. బండి ఆళ్ళగడ్డలో ఉందని అది చెబుతుంది, ఏ షాపు ఎన్ని డబ్బాలు దించుకుందో చెప్పదు. మీకు కావాల్సింది రెండోది. బిల్లు మీది క్యూఆర్‌ను డెలివరీ కుర్రాడు ఫోనులో స్కాన్ చేసి, డబ్బాల సంఖ్య, ఇచ్చామా వాపసు తెచ్చామా అన్నది నొక్కితే చాలు. శ్రీశైలం వైపు నల్లమల లైనులో సిగ్నలు తెగుతుంది గనక, ఫోనులోనే దాచుకుని తర్వాత పంపే యాప్ అయితేనే పనికొస్తుంది. ఇన్సులిన్ పెట్టెల్లో ఉష్ణోగ్రత రాసే చిన్న లాగర్ పెట్టించండి, మన ఎండలకు అది జీపీఎస్ కంటే విలువైనది. ఐసు ప్యాకు సీసాకు నేరుగా తగలకుండా చూడండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పారబోయాల్సిందే.

మారే రోజు నెల 1వ తేదీ అయితే మంచిది, ముందు రోజు రెండు చోట్లా సరుకు లెక్కపెట్టి. మార్చి, ఏప్రిల్ వద్దు, అకౌంటెంటు మీకు దొరకడు. నేర్పించే పని అంతకుముందు నెల 21 నుంచి పెట్టుకోండి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు అయిపోయి ఉంటాయి. మొదటి నాలుగు వారాలు ఒకే ఒక్క కంపెనీ సరుకుతో, నంద్యాలలో మాత్రమే నడపండి. రోజూ రాత్రి మూడు అంకెలు సరిచూడండి: బిల్లుల సంఖ్య, మొత్తం విలువ, పన్ను. ఇరవై ఐటమ్‌ల స్ట్రిప్పుల లెక్క కూడా. వరసగా వారం రోజులు కుదిరాకే ఇంకో కంపెనీ సరుకు కలపండి. నంద్యాల పాత సాఫ్ట్‌వేర్‌ను తీసెయ్యకండి. అందులో కొత్త బిల్లు కొట్టే వీలు ఆపి, చూడటానికి మాత్రం ఉంచండి. ఇవాళ అమ్మిన మందు ఎక్స్‌పైరీ అయి వెనక్కి వచ్చేసరికి రెండేళ్ళు దాటవచ్చు, అప్పుడు ఆ బిల్లు, ఆ బ్యాచ్ దొరికేది అక్కడే.